ముఖాన్ని బట్టి తూకం

నా ముఖం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నవ్వకపోవడం దాని స్వభావం. నా ఫిర్యాదంతా దాన్ని చూసి నా కాంటా సంగతి తేల్చేసిన వాళ్ల మీద. ఉద్యోగం వదిలి ఇన్నేళ్లయినా ఆ ఫిర్యాదును నేను వాపసు తీసుకోలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇది చదివి నవ్వుకుంటే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే నవ్వడం అయ్యాక, మీ ఆఫీసులో ఎవరి గురించి ఏం చెప్పుకుంటున్నారో, ఆ మాట మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో ఒకసారి ఆరా తీయండి.

ఎనభైల్లో సంగతి. బోధన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ చెరుకు మీద బతుకుతున్న రోజులు. నేను ఆ ప్రాంతంలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాంటా గుమాస్తాను. చలికాలం వస్తే చెరుకు ఆడించే సీజన్ మొదలయ్యేది. నవీపేట్ దిక్కు నుంచి, మంజీర ఒడ్డు ఊళ్ల నుంచి, సరిహద్దు దాటి మరాఠీ మాట్లాడే ఊళ్ల నుంచి కూడా ఎడ్లబండ్లు వచ్చి యార్డంతా నిండిపోయేవి. గేటు దాటగానే పక్కపక్కన రెండు కాంటాలు. ఒక్కో కాంటాకు ఒక చిన్న గది, గదికి ఒక కిటికీ, కిటికీ వెనక ఒక గుమాస్తా. బండి ఎడ్లతో సహా కాంటా బల్ల మీదికి ఎక్కుతుంది. లోపల నేను ఇనుప దండె మీద గుండును జరుపుతూ, దండె సమంగా నిలిచిన చోట అంకె చూసి, చిట్టీ రాసి కిటికీలోంచి అందిస్తాను. ఖాళీ బండిని బయటికి పోయే దారిలో ఇంకొకరు తూచేవారు, దానితో మాకు పని లేదు. పని ఇంతే. ఇందులో దొంగతనం చేయాలంటే చాలా తెలివి కావాలి. అంత తెలివి నాకుందని రైతులు నమ్మడం ఒక్కటే ఈ కథలో నాకు దక్కిన గౌరవం.

రెండో కాంటా మీద కూర్చునే ఆయనను అందరూ భాయ్ అనేవారు. నేనూ అలాగే అంటాను. తాతల కాలం నుంచి నిజామాబాద్‌లో స్థిరపడిన కుటుంబం, అన్నదమ్ములకు బట్టల దుకాణం. మనిషి దగ్గరికి రాకముందే అత్తరు వాసన వచ్చేది, వచ్చాక మాటలు వచ్చేవి. బండి బల్ల మీదికి ఎక్కకముందే ఆ బండివాడి ఊరు, వానలు, ఎద్దు కాలి పుండు, ఇంట్లో ముసలామె దగ్గు అన్నీ కనుక్కునేవాడు. చెరుకు ఎలాంటిదైనా సరే, "మాషా అల్లా, ఏం చెరుకు పండించినవన్నా" అనేవాడు. ఎండిన కట్టెల్లాంటి చెరుకు తెచ్చినవాడు కూడా ఆ మాట విని ఛాతీ విరుచుకుని వెళ్లేవాడు. టీ మొదట ఆయన గదికి వెళ్లి, చల్లారాక నా గదికి వచ్చేది. చేతులున్న కుర్చీ ఆయనకు, స్టూలు నాకు. ఆ కుర్చీ విషయమై నేను పెట్టుకున్న అర్జీకి ఇప్పటిదాకా జవాబు రాలేదు.

అయినా మేమిద్దరం స్నేహితులం. నేను ప్రపంచం మీద ఫిర్యాదులు చెబుతుంటే ఆయన వింటూ మధ్యలో, నిజమేనన్నట్టు, "సహీ బాత్" అనేవాడు. విన్నాడో లేదో తెలియదు, ఆ మాట అనడానికి వినాల్సిన అవసరం లేదు కదా.

ఆ సీజన్ మొదట్లోనే గొడవ పుట్టింది. నవీపేట్ దిక్కు నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. ఊళ్లో అందరూ పటేలా అని పిలిచే మనిషి. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల. ఆయన మాట మీద నాలుగు ఊళ్లు నడుస్తాయి. ఆయన బండ్లలో ఒకటి నా కాంటా మీదికి, ఒకటి భాయ్ కాంటా మీదికి ఎక్కాయి. నా దగ్గర తూకం తక్కువ, భాయ్ దగ్గర ఎక్కువ వచ్చింది. రెండు బండ్లు, రెండు మోపులు, ఒకటే తూగాలని ఎక్కడా లేదు. నా కాంటా మీదికి వచ్చిన బండిలో చెరుకు వదులుగా పేర్చి ఉంది, ఎవరు చూసినా తెలుస్తుంది. పటేల్ చిట్టీ చూసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏం గుమాస్త సారూ, గిదేం తూకం? రెండు బండ్లు నేనే నిలవడి నింపిచ్చిన."

నేను తల ఎత్తకుండా, "కాంటా చెప్పింది రాసిన పటేలా. నన్ను అడిగితే నేనేం చెప్త?" అన్నాను.

ఇది తప్పు జవాబని మీరంటారేమో, నేను ఒప్పుకోను. అది సరైన జవాబు. అదే సమయానికి పక్క కిటికీలో భాయ్ నవ్వుతూ, "మీ చెరుకు బంగారం పటేల్ సాబ్" అంటున్నాడు. పటేల్ ఆ ముఖం చూశాడు, ఈ ముఖం చూశాడు. అంతే, తూకం అయిపోయింది. ఆయన నా గుండు వైపు చూడలేదు, దండె వైపు చూడలేదు. నేరుగా గేటు ముందున్న హోటల్‌కు వెళ్లి, టీ తాగుతూ, ఆ మొదటి కాంటావాడు తూకం తింటున్నాడని చెప్పాడు.

ఆ తర్వాత జరిగింది చూస్తే మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. నా దగ్గర తక్కువ వచ్చిన ప్రతి రైతూ హోటల్‌కు వెళ్లి చెప్పేవాడు. ఎక్కువ వచ్చినవాడు చెప్పేవాడు కాదు, ఆ రోజు నేను ఏమరుపాటుగా ఉన్నానని లోలోపల సంబరపడి చక్కా వెళ్లిపోయేవాడు. భాయ్ దగ్గర తక్కువ వస్తే, "ఈ ఏడాది నీళ్లు సరిగ పారియ్యలే, చెరుకు గట్టిపడలే" అని తన చేనును తిట్టుకునేవాడు. చేను తప్పు, వాన తప్పు, విత్తనం తప్పు. భాయ్ తప్పు మాత్రం కాదు. నాకు వచ్చేసరికి చేను, వాన, విత్తనం అన్నీ నిర్దోషులే. ఇప్పుడు ఇలాంటి వాటికి పుస్తకాల్లో పేర్లు పెట్టారని మా మనవరాలు చెప్పింది. పేర్లు పెట్టినవాళ్లు ఒక సీజన్ నా స్టూలు మీద కూర్చుని ఉంటే ఇంకా బాగా పెట్టేవాళ్లు.

కొద్దిరోజుల్లో నా వరసలో బండ్లు తగ్గిపోయాయి. ఏ వరసలోకి పోవాలో గేటు దగ్గర జవాను చేయి చూపించేవాడు. నా వైపు చూపిస్తే బండివాడు ఎద్దు ముక్కుతాడు పట్టుకుని, ఈ ఎద్దు ఎడమకు తిరగదని, పుట్టినప్పటి నుంచి దానికి ఆ అలవాటని చెప్పేవాడు. ఇంకొకడి ఎద్దు నా గది మీదున్న రేకును చూసి బెదిరేది. చివరికి నిజంగానే ఎడ్లు కూడా భాయ్ వైపే తిరగడం నేర్చుకున్నాయి. ఒక జోడు, బండివాడు నిద్రలో ఉన్నా, తనంతట తానే వెళ్లి భాయ్ వరసలో నిలబడటం నేను కళ్లారా చూశాను. ఎడ్లు నా గురించి ఏం విన్నాయో తెలియదు.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. భాయ్ వరస యార్డు చివరి దాకా పెరిగిపోయి బండ్లు పొద్దంతా ఎండలో నిలిచేవి. ఎండలో నిలిచిన చెరుకు ఆరిపోతుంది, ఆరితే బరువు తగ్గుతుంది. అంటే నేను తూకం తింటానని భయపడి పారిపోయిన చెరుకును, నింపాదిగా ఎండ తింటోంది. నా దగ్గరికి వస్తే వెంటనే తూగేది. ఈ మాట హోటల్ ముందు నిలబడి అందరికీ చెప్పాను. "సూసిన్రా, గిప్పుడు ఎండ మీద పెడుతుండు" అన్నారు.

ఆ రోజుల్లో నా వరసలోకి ఇష్టపూర్వకంగా వచ్చింది ఒక అవ్వ మాత్రమే. మొగుడు లేడు, తన బండి తానే తోలుకొచ్చేది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కనీసం ఒక్కరైనా నన్ను నమ్మారు కదా అని, మామూలుగా అడగని నేను అడిగాను, అందరూ అటు పోతుంటే నువ్వు ఇటెందుకు వచ్చావని.

"ఆడ నిలవడితే పొద్దు గూకుతది కొడుకా. ఇంటికాడ బర్రె ఒర్రుతది, పాలు వితకాలె" అంది.

"నేను తూకం తింటనంటున్నరు కద అవ్వా?"

"తింటవు గావొచ్చు. తింటే తిన్నవు తియ్, ఒక్కదాని చెరుకు నువ్వెంత తింటవు?"

నాకున్న ఒక్క మద్దతుదారు కూడా నన్ను దొంగగానే లెక్కగట్టి, బర్రె కోసం క్షమించేసింది.

అర్జీలు రాయడంలో నాకు పేరుంది. ఆ పేరు నిలబెట్టుకుంటూ ఈసారి నా మీద నేనే అర్జీ పెట్టుకున్నాను. నా కాంటాను తనిఖీ చేయించాలని. కేన్ ఆఫీసర్ సారు, అంటే యార్డుకూ మా ఇద్దరికీ పెద్ద, అది చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. తూనికల శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, ముద్ర వేసిన ఇనుప తూకంరాళ్లు తెచ్చాడు, రెండు కాంటాల మీదా పెట్టి చూశాడు. రెండూ సరిగ్గా ఉన్నాయి. రైతులందరి ముందు ఆ మాట చెప్పి, సీలు వేసి వెళ్లాడు. నేను నా స్టూలు మీద ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి హోటల్‌లో మాట మారింది. ఆఫీసరు ముందర కాంటా ఎవరిదైనా మంచిగనే ఉంటుంది, ఆయన జీపు మలుపు తిరిగాక అసలు కథ అన్నారు.

అప్పుడు నాకు ఇంకో ఉపాయం తట్టింది. కాంటాలు మార్చుకుందామని భాయ్‌ని అడిగాను. ఆయన నా గదికి, నేను ఆయన గదికి. ఆ విధంగా చేతుల కుర్చీలో కూడా కూర్చోవచ్చన్నది వేరే విషయం. ఆయన ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున బండ్లన్నీ భాయ్ వెనకే వెళ్లాయి, నిన్నటిదాకా దొంగ కాంటా అనుకున్న దాని ముందు బారులు తీరాయి. నేను బయటికి వచ్చి, నిన్న తిన్న కాంటా ఇయ్యాల ఎట్ల మంచిదయింది, చెప్పండని అరిచాను. పటేల్ కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. నా మాటకు తల ఊపి, నాకన్నా బాగా అర్థమైనట్టు అందరికీ చెప్పాడు.

"గదే నేను సుత అంటున్న. కాంటల ఏం లేదు. అంత గాయిన చేతుల ఉన్నది."

నేను కాంటాను కాపాడుకున్నాను, నన్ను పోగొట్టుకున్నాను.

ఆ వారంలోనే సారు పిలిచాడు. మంచివాడే, చదువుకున్నవాడే. నాకు కుర్చీ చూపించలేదు, అది నాకు గుర్తుంది. సిరికొండ వైపు ఫ్యాక్టరీ పెట్టిన చిన్న కొనుగోలు కేంద్రానికి నన్ను పంపాలని అనుకుంటున్నట్టు చెప్పాడు. ఆ వైపు గుట్టలు, అడవి ఎక్కువ. చెరుకు అరుదుగా కనబడుతుంది. అక్కడి కాంటాకు పనికన్నా విశ్రాంతి ఎక్కువ. నేను తూకం తినలేదని మీకు తెలుసు కదా సార్ అన్నాను. తెలుసన్నాడు. మరెందుకు పంపుతున్నారంటే, ఇంతమంది అంటున్నారంటే ఏదో ఒకటి ఉండే ఉంటుందని లోకం అనుకుంటుందన్నాడు. ఇంతమంది కాదు సార్, అన్నది ఒక్కడే, మిగతావాళ్లు విన్నారు అన్నాను. లెక్కకు అది తేడానే అని ఒప్పుకున్నాడు గానీ కాగితం మాత్రం పక్కన పెట్టలేదు.

సిరికొండ నాకు కష్టం కాదు. కానీ వెళ్తే మాత్రం, దొంగను సాగనంపారని నాలుగు ఊళ్లలో ఖాయమైపోతుంది. నా పేరు ఆ యార్డులో దొంగగానే మిగిలిపోతుంది. అదొక్కటి నేను భరించలేను. రాబోయే అంగడి రోజు దాకా గడువు ఇవ్వమని, ఒక చివరి పరీక్ష పెట్టనివ్వమని అడిగాను. నా నుంచి ఇక అర్జీలు రావన్న ఆశతో కాబోలు, ఒప్పుకున్నాడు.

పరీక్ష ఇది. రెండు గదుల కిటికీలకు లోపలి నుంచి పాత పేపర్లు అంటించాలి, బల్ల కనబడేంత సన్నని సందు వదిలి. గుమాస్తాలు ఎవరు ఎందులో ఉన్నారో సారుకు తప్ప ఎవరికీ తెలియకూడదు. మాట్లాడకూడదు. చిట్టీని చెక్క పలక మీద పెట్టి కిటికీ కింది నుంచి బయటికి తోయాలి. పటేల్ ఒకే బండిని రెండు కాంటాల మీదా తూయించి, నేను ఏ గదిలో ఉన్నానో చెప్పాలి. నా చేతుల్లో తూకం తగ్గేది నిజమైతే ఇట్టే దొరికిపోతాను.

భాయ్‌కు అత్తరు పూసుకోవద్దని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "నువ్వు నోరు మూసుకోమన్నవు, సరే. అత్తరు గూడ వద్దంటే ఇగ నేను ఆడికొచ్చి ఏం లాభం, యార్?" అన్నాడు. అయినా నా కోసం మానేశాడు. స్నేహం కోసం మనిషి ఎంత త్యాగం చేయగలడో ఆ రోజు ఆయన పక్కన నిలబడిన వాళ్లకు ముక్కుతోనే తెలిసి ఉంటుంది.

అంగడి రోజు గనక యార్డు కిటకిటలాడింది. జనం బండ్ల మీదికి, చెరుకు మోపుల మీదికి ఎక్కి చూస్తున్నారు. అవ్వ కూడా వచ్చింది, ఆ రోజు బర్రెను ఎవరికి అప్పగించిందో. నేను ఒక గదిలో, భాయ్ ఒక గదిలో. పటేల్ బండి మొదట నా బల్ల మీదికే ఎక్కింది. గుండు జరిపాను, చిట్టీ రాశాను, పలక మీద పెట్టాను. నన్ను గుర్తుపడతారన్న భయంతో, కొత్త పెళ్లికూతురు తాంబూలం అందించినంత మెల్లగా ఆ పలకను బయటికి జరిపాను. జీవితంలో ఎవరికీ ఏదీ అంత మర్యాదగా ఇచ్చింది లేదు.

బండి రెండో కాంటాకు వెళ్లింది. అక్కడ భాయ్ పరిస్థితి వేరు. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు, అత్తరు లేదు, టీ రాలేదు. బల్ల మీద బండి నిలబడి ఉంటే ఊరేదని అడగడానికి లేదు, ఎద్దును మెచ్చుకోవడానికి లేదు. నోట్లో ఆగిపోయిన మాటలన్నీ చేతుల్లోకి దిగాయి. పలకను ఆయన ఎంత విసురుగా తోశాడంటే అది కిటికీ చెక్కకు కొట్టుకుని టప్‌మన్న చప్పుడు నా గదిలోకి వినబడింది.

రెండు చిట్టీలనూ సారు అందరికీ వినబడేలా చదివాడు. అంకె ఒక్కటే. ఇద్దరి చేతుల్లోనూ తూకం తేడా లేదు. పరీక్ష నిజానికి అక్కడితో అయిపోయింది. కానీ పటేల్‌ను ప్రశ్న అడిగి ఉన్నాం గనక ఆయన జవాబు చెప్పాల్సిందే. ఆయన తువ్వాల సర్దుకుని, రెండు గదుల ముందు అటూ ఇటూ నడిచి, రెండో గది ముందు ఆగాడు.

"తూకం ఏదైతే అది గానీ, చిట్టీ ఇచ్చిన తీరు సూడుండ్రి. ఆడ ఇచ్చినాయన పానం మంచిది, మర్యాదగల్ల మనిషి. గీడ ఇచ్చినోడు ఇసిరి కొట్టిండు. ఆ కడుపుమంట గుమాస్త ఈ గదిలనే ఉన్నడు."

సారు తలుపు తీయమన్నాడు. రెండో గదిలోంచి భాయ్ బయటికి వచ్చాడు. మొదటి గదిలోంచి, ఆ పానం మంచి మర్యాదగల మనిషిని నేను బయటికి వచ్చాను.

జనం మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. అవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్లంతా ఊగేలా నవ్వింది. నేను పటేల్ ముఖం వైపు చూస్తున్నాను. ఇన్నాళ్లకు ఆ నోటి నుంచి తప్పయిందన్న మాట వినబోతున్నానని నా ఆశ. ఆయన భాయ్‌ని చూశాడు, నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. ముఖంలో కంగారు వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయింది.

"నేను ముందుగాల్నే చెప్పిన గదా, ఈ రెండు కాంటల్ల ఒక దొంగ ఉన్నడని. దొంగ ఉన్న గది సక్కగనే వట్టిన. మనిషి పేరే తప్పు చెప్పిన."

జనానికి అది చాలా సబబుగా తోచింది. నవ్వుతూ మాట్లాడేవాడినే నమ్మొద్దని మా తాత చెప్పేవాడని ఒకడన్నాడు. అత్తరు పూసుకునేదే అందుకని ఇంకొకడన్నాడు. చిట్టీల్లో అంకె ఒక్కటేనని, ఎవరూ ఏమీ తినలేదని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. సచ్చీలుడు దొంగను కూడా వెనకేసుకొస్తున్నాడని నా మీద ఇంకా గౌరవం పెరిగింది.

మర్నాడు బండ్లన్నీ నా వరసలో. ఎడ్లను ఇటు తిప్పడానికి బండివాళ్లు పడ్డ తిప్పలు చూడాల్సిందే, అవి ఇంకా పాత అభిప్రాయం మీదే ఉన్నాయి. నన్ను పన్నెత్తి పలకరించని వాళ్లు, మీ లాంటి నిక్కచ్చి మనిషికి నవ్వెందుకు సారూ అంటున్నారు. నిన్నటి కడుపుమంట ఇవాళ నిక్కచ్చితనమైంది. టీ మొదట నా గదికి వచ్చింది, పొగలు కక్కుతూ. తాగాను. పక్క కిటికీలో భాయ్ ఖాళీ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. బండి వస్తే కదా ఊరు అడగడానికి. నేను వెళ్లి ఈ లోకం మీద ఒక ఫిర్యాదు మొదలుపెట్టాను, ఆయన సహీ బాత్ అనలేదు. అప్పుడు టీ చేదెక్కింది.

సాయంత్రానికి సారు మళ్లీ పిలిచాడు. నా బదిలీ రద్దయిందన్నాడు. సిరికొండకు భాయ్‌ని పంపుతున్నట్టు చెప్పాడు. నేను అక్కడికక్కడే కాగితం అడిగి తీసుకుని, ఆ ఉత్తర్వు మీద అభ్యంతరం రాయడం మొదలుపెట్టాను. సారుకు ఓపిక పోయింది.

"నీ మీది మచ్చ తుడుచుకుపోయింది కదయ్యా, ఇంకేం కావాలి నీకు?"

"తుడుచుకుపోలేదు సార్. పక్కాయనకు అంటింది. అత్తరు పూసుకోవద్దని, నోరిప్పొద్దని కట్టడి చేసింది నేను. ఆయన్ని పంపితే నన్ను గూడ పంపాలె. ఇద్దరం పోతం, రెండు కాంటాలు మీరే చూసుకోండి."

సీజన్ మధ్యలో రెండు కాంటాలు చూసుకోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. కళ్లద్దాలు తీశాడు, తుడుచుకున్నాడు. ఏం చేయాలో నువ్వే చెప్పమన్నాడు. కిటికీల మీది పేపర్లు తీయవద్దని చెప్పాను. సీజన్ అయ్యేదాకా మా ముఖాలు ఎవరికీ కనబడకూడదు, మా మాట వినబడకూడదు. ఎవరు ఏ గదిలో కూర్చుంటారో పొద్దున్నే వెనక తలుపు దగ్గర మేమే అనుకుంటాం. సారు ఇది నిబంధనల్లో ఎక్కడా లేదన్నాడు గానీ, ఉండకూడదని కూడా లేదు గనక సరేనన్నాడు. నేను పెట్టిన అర్జీల్లో మంజూరైనది అదొక్కటే. రాతపూర్వకంగా మాత్రం ఇవ్వలేదు.

భాయ్ మొదట మూడీగా ఉన్నాడు. లోపల అత్తరు పూసుకోవచ్చని, నాకూ కొంచెం పూస్తే రెండు గదులూ ఒకే వాసన వస్తాయని చెప్పాక కుదుటపడ్డాడు. ఎవరి ముఖం చూసి ఎటు పోవాలో తెలియక బండివాళ్లు రెండు రోజులు తికమకపడ్డారు. ఆ తర్వాత ఏ వరస చిన్నగా ఉంటే అటు పోవడం మొదలుపెట్టారు. రెండు వరసలూ సమమయ్యాయి. చెరుకు ఎండలో నిలవడం తగ్గింది, తూకాలు నిలబడ్డాయి. తూకం గురించి హోటల్‌లో మాట్లాడటమే మానేశారు, పత్తి ధర మీదికి వెళ్లిపోయారు.

సీజన్ చివరలో ఒకరోజు డ్యూటీ దిగి భాయ్, నేను హోటల్‌లో కూర్చున్నాం. పటేల్ వచ్చాడు. మమ్మల్ని చూసి మొహమాటపడతాడనుకున్నాను. లేదు, ఎంతో ఆప్యాయంగా వచ్చి మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. మా యోగక్షేమాలు అడిగాడు. ఇప్పుడు ఏ సెక్షన్‌లో వేశారు అని అడిగాడు. మాకు అర్థం కాలేదు.

"మీ ఇద్దర్ని కాంటల మీదికెల్లి తీసేసి మంచి పని జేసిన్రు లే. మనసుల ఏం వెట్టుకోకుండ్రి. గిప్పుడు లోపల కూసుంటున్న కొత్త సార్లు ధర్మాత్ములు. తూకం సూడు, ఎంత సక్కగొస్తుందో."

భాయ్ బల్ల కింద నా మోకాలు నొక్కాడు. ఆయనకు నవ్వు ఆగడం లేదు, దగ్గుతున్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆగలేదు. ఆగడం నాకు రాదు. "పటేలా, ఆ కొత్త సార్లం మేమే" అన్నాను. పటేల్ నా వైపు జాలిగా చూశాడు. పోయిన పని మీద మనిషికి ఆశ ఉండటం సహజమన్నట్టు భుజం తట్టాడు. మా ఇద్దరి టీ తనే ఇప్పించి, బండి కట్టించుకుని వెళ్లిపోయాడు. నేను గేటు దాకా వెనకే వెళ్లి మళ్లీ చెప్పాను. ఆయన బండి మీద నుంచే చేయి ఊపాడు.

భాయ్‌కి అది చాలింది. ఇంటింటా చెప్పుకుని జీవితాంతం నవ్వుకున్నాడు. నాకు చాలలేదు. ఇప్పుడు పటేల్ లేడు, ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి పొగ రావడం లేదు. అయినా నవీపేట్ దిక్కు ఎవరైనా ఇది చదివితే, ఆ ఇంటి వాళ్లకు ఒక్క మాట చేరవేయండి. ఏ ఇల్లో వాళ్లకే తెలుస్తుంది. పేపర్లు అంటించిన కిటికీల వెనక కూర్చుని, మీ చెరుకును చక్కగా తూచిన ఆ ఇద్దరు ధర్మాత్ముల్లో ఒకడిని నేను. రెండో ఆయన భాయ్.